మనోవైద్యం మన ఊరికి రావలెను
(నోయిడాలో కార్మిక శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి. గిరిగారి పేరిట జాతీయ కార్మిక సంస్థ వెలసియున్న ఊరిది. కార్మికుని ఆరోగ్యాన్ని గురించి ఇచ్చట ముచ్చటించుకొనుట సముచితం.

ఒంటికి జబ్బు చేసినచో సెలవు చీటీ వ్రాయుదుము. మనస్సుకు జబ్బు చేసినచో దాచుకొందుము. వరుసగా రాత్రి డ్యూటీలు చేసిన పాయింట్స్‌మన్, పట్టాలపై ప్రాణం తీసుకొన్నవారిని కళ్ళారా చూచిన డ్రైవరు, మారుమూల బ్రాంచి ఆఫీసులో ఒంటరిగా లెక్కలు మోయు గ్రామీణ డాక్ సేవకుడు — వీరి బాధ ఎవరికి చెప్పుకొనవలెను? నగరంలో మనోవైద్యుడు దొరకును. చిన్న పట్టణంలోని వాడు ఒక దినం సెలవు పెట్టి, బస్సు ఛార్జీలు భరించి పోవలెను. ఒకసారి పోగలడు, నెలనెలా పోలేడు. మందు ఆగును, జబ్బు తిరగబెట్టును. ఆయా మానసిక వ్యాధులను బట్టి 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందుటలేదని 2015–16 జాతీయ సర్వేలో తేలినది.

మార్గం లేకపోలేదు. గుంతకల్లుకు పొరుగుననున్న బళ్ళారి జిల్లాలో 1985 నుండి 1990 వరకు నిమ్హాన్స్ సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణనిచ్చి, ముఖ్యమైన కొద్ది మందులను అచ్చటనే అందునట్లు చేసినది. ఆ అనుభవమే పునాదిగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలలో ఆరంభమైనది. అందులో మన మెదక్ ఒకటి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి దూరప్రయాణం చేయనక్కరలేదు. నివాసానికి చేరువలోనే సేవలుండవలెను. సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు పై ప్రభుత్వ ఆసుపత్రులన్నిటా అత్యవసర జాబితాలోని మందులు సర్వవేళల ఉచితంగా లభింపవలెను. ఉద్యోగకాలంలో వైకల్యం కలిగినవానిని ప్రభుత్వ సంస్థ తొలగింపరాదని, హోదా తగ్గింపరాదని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పుచున్నది.

కాని, అడుగనిదే హక్కు అమలు కాదు. కావున ప్రతి శాఖయు మూడు కోర్కెలు ముందుంచవలెను. రైల్వే హెల్త్ యూనిట్లకు నిర్ణీత దినాన మనోవైద్యుడు రావలెను. పట్టణ ప్రభుత్వాసుపత్రిలో మందులు ఏ నెలా తప్పరాదు. దీనికి ఊరి ప్రజలతో కలిసి పోరాడవలెను. చికిత్స పొందువాని వివరాలు గోప్యంగా ఉండవలెను.

2022 అక్టోబరు నుండి 14416 అను ఉచిత టెలిఫోను సేవ కలదు, తెలుగులోనూ మాట్లాడవచ్చును. ఆ నంబరును ప్రతి స్టేషన్లో, ప్రతి పోస్టాఫీసులో వ్రాసిపెట్టుడు. అది ఆసుపత్రికి బదులు కాదు. ఆసుపత్రి వచ్చు వరకు ఒక ఆసరా. తోటివాడు మౌనం వహించినపుడు ముందుగా పలుకరించవలసినవారము మాత్రం మనమే.