షేర్ల ధరలు పడినపుడు మదుపుదారుని కర్తవ్యము



ధనము కూడబెట్టుట యొక విద్య. కూడబెట్టిన దానిని నిలుపుకొనుట వేఱొక విద్య. పూర్వము పల్లెటూళ్లలో మిగులు సొమ్ము పొలముగానో, బంగారముగానో, నోటు మీది అప్పుగానో మాఱుచుండెడిది. నేడు దానిలో కొంత మ్యూచువల్ ఫండుల ద్వారమున షేర్ల మార్కెట్టునకు చేరుచున్నది. పట్టణమున ఉద్యోగము చేయు కుమారుడు తండ్రి పేర ఫండు కొనుట, పంట సొమ్ములో కొంత అందు వేయుట ఇప్పుడు వింత కాదు. ధరలు పెరుగుచున్నంత కాలము ఎవరికిని సలహా అక్కఱలేదు. ధరలు కూలిన నాడే ఆ యింట నిద్ర పట్టదు. అట్టినాడు అమ్మి బయటపడవలెనా, ఓర్చి నిలువవలెనా యనునదే ఈ ప్రసంగమునకు విషయము.

మొదట షేరనగా నేమో తెలియవలెను. నలుగురు కూడి ఒక బియ్యపు మిల్లు పెట్టినారనుకొనుడు. మిల్లులో నాలుగవ వంతు ఒక్కొక్కరిది. మిల్లు ఆడినంత కాలము లాభములో నాలుగవ వంతు ఒక్కొక్కరికి వచ్చును. ఆ భాగమునకే షేరని పేరు. పెద్ద కంపెనీలలో ఇట్టి భాగములు కోట్ల సంఖ్యలో ఉండును. వానిని స్టాక్ ఎక్స్ఛేంజిలో నిత్యము కొందఱు అమ్ముదురు, కొందఱు కొందురు. ఆ బేరమున పలికినదే ఆనాటి ధర. ముప్పది పెద్ద కంపెనీల ధరల పోకడను ఒక్క అంకెలో చూపునది బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి వారి సెన్సెక్సు. 1978–79 నాటి స్థాయిని 100గా గ్రహించి 1986లో దీనిని ప్రారంభించిరి.

2008 జనవరి 8న ఈ సెన్సెక్సు 20,873 వద్ద ముగిసెను. ఆ యేడు అమెరికాలో ఇండ్ల మీది అప్పులు మొండిబాకీలై, సెప్టెంబరు 15న లేమాన్ బ్రదర్స్ అను పెద్ద బ్యాంకు దివాలా తీసెను. విదేశీ సంస్థలు తమ అక్కఱలకై భారతదేశమునందలి షేర్లను గూడ తెగనమ్మెను. 2009 మార్చి 9 నాటికి సెన్సెక్సు 8,160కి దిగెను. అనగా శిఖరమున లక్ష రూపాయలు పెట్టినవానికి లెక్కలో సుమారు 39,000 మాత్రమే కనబడెను.

అంతమాత్రమున ఆ ముప్పది కంపెనీల యంత్రములలో మూడింట రెండు వంతులు మాయమైనవా? లేదు. సిమెంటు ఫ్యాక్టరీలు ఆగలేదు. మందులు, సబ్బులు, మోటారు బండ్లు అమ్ముడగుచునే యుండెను. లాభములు కొంత తగ్గినవి గాని, ధరలు తగ్గినంతగా తగ్గలేదు. సంక్షోభ కాలమున అమ్మువారిలో పెక్కురు వస్తువు చెడినదని అమ్మరు. చేతిలో రొక్కము లేక అమ్ముదురు. అప్పు ఇచ్చినవారు ఒత్తిడి చేయగా అమ్ముదురు. ఇరుగుపొరుగువారు అమ్ముట చూచి బెదరి అమ్ముదురు. అట్టి సంతలో పలుకు ధర అవసరమునకు కొలతయే గాని విలువకు కొలత కాదు.

మాగాణి గల రైతు అనావృష్టి కలిగిన యేట పొలము నమ్మడు. ఆ యేట అమ్మినచో చౌకబేరమే యని అతనికి తెలియును. మరల వానలు పడును, మరల నాట్లు పడును అని అతని నమ్మిక. అయితే పొలము గట్టున ఒకడు నిలిచి, ఉదయము మొదలు సాయంకాలము వఱకు “ఇప్పటి ధర యింత, ఇప్పటి ధర యింత” యని కేకలు వేయుచుండినచో ఆ రైతునకు గూడ మనసు నిలువదు. షేర్లు గలవాని స్థితి యిదియే. ఆ కేక వాని చేతిలోని ఫోనులోనే యున్నది.

భయపడి అమ్మినవాడు ఒక నిర్ణయముతో బయటపడితినని తలచును. కాని వాని ముందు రెండవ నిర్ణయ మొకటి యున్నది. అది మరల ఎప్పుడు ప్రవేశింపవలెననునది. ధరలు ఇంకను పడునేమో యని కొంత కాలము ఆగును. పెరుగసాగిన పిమ్మట, ఈ పెరుగుదల నిజము కాదేమో యని మరికొంత కాలము ఆగును. 2009లో లోకసభ ఎన్నికల ఫలితములు వెలువడిన పిదప, మే 18వ తేదీన, సెన్సెక్సు ఒక్కనాడే 2,110 పాయింట్లు, అనగా 17 శాతము, పెరిగెను. ఆనాడు హద్దు మీఱి ధరలు పెరుగుటచే బేరములనే నిలిపివేసిరి. రేపు కొందుమని వెలుపల కూర్చున్నవారికి ఆ దినము తిరిగి రాలేదు. 2010 నవంబరు 5న సెన్సెక్సు పూర్వపు శిఖరమునకు పైన, 21,004 వద్ద ముగిసెను.

2020లో కరోనా వ్యాధి వ్యాపించినపుడును ఇట్లే జరిగెను. మార్చి 23న ఒక్కనాడే 3,934 పాయింట్లు పడి సెన్సెక్సు 25,981కి దిగెను. ఆ యేడు నవంబరులోనే పూర్వపు శిఖరమును మించెను. ఆ మార్చి మాసమున, వీధులు నిర్మానుష్యముగా నున్నపుడు, ఇంత త్వరగా తేరుకొనునని రూఢిగా చెప్పగలవారు లేరు. ఈ తెలియమియే నిలుకడకు ముఖ్యకారణము. రాకపోకల ముహూర్తము ఎవరికిని తెలియదు గనుక, రాకపోకలు తగ్గించుకొనుట మేలు.

అయితే ఇంతవఱకు విని, “ఓర్చినవానికి లాభము తప్పదు” అని నిశ్చయించుకొనుట ప్రమాదకరము. ఓర్పునకు ఎంత కాలము పట్టునో చరిత్రను అడుగవలెను. అమెరికాలో డౌ జోన్స్ సూచి 1929 సెప్టెంబరు 3న 381 వద్ద నుండెను. 1932 జులై 8 నాటికి అది 41కి పడెను. మరల పాత శిఖరమును దాటినది 1954 నవంబరులో. ఇరువదియైదేండ్లు! ఒక గ్రంథాలయము పుట్టి, పెరిగి, రజతోత్సవము జరుపుకొనుటకు పట్టునంత కాలము. ఆ నడుమ కంపెనీలు పంచిన లాభవాటాలను, వస్తువుల ధరలు తగ్గుటను లెక్కలో చేర్చినచో ఆ కాలము కొంత కుఱుచ యగును గాని, శిఖరమున కొన్నవాని కష్టము అబద్ధము కాదు.

జపాను సంగతి అంతకంటె పెద్ద పాఠము. అచటి నిక్కీ సూచి 1989 డిసెంబరు 29న 38,915 వద్ద ముగిసెను. మరల ఆ స్థాయిని మించినది 2024 ఫిబ్రవరి 22న. నలువదియేండ్ల వయసున కొన్నవాడు డెబ్బదినాలుగేండ్లవాడైన పిమ్మట గాని ఆ అంకెను మరల చూడలేదు. ఆనాడు జపానులో భూమికిని షేర్లకును పలికిన ధరలు వాని రాబడికి ఎన్నో రెట్లు మించియుండెను. మంచి పొలమైనను మితిమీఱిన ధరకు కొన్నచో పంటతో ఆ సొమ్ము రాబట్టుట దుర్లభము. కావున నిలుకడ ఎంత ముఖ్యమో, కొన్న ధర అంత ముఖ్యము. ఒక్క దినమున, ఒక్క ధరకు, ఉన్నదంతయు కుమ్మరింపకుండుట అంతకంటె ముఖ్యము.

నిలుకడకును మొండితనమునకును భేదము కలదు. హైదరాబాదున వెలసి ప్రపంచమున పేరెన్నిక గన్న సత్యం కంప్యూటర్స్ కంపెనీ ఉదాహరణము తెలుగువారు మఱవదగినది కాదు. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధ్యక్షుడే లెక్కలలో ఏడు వేల కోట్ల రూపాయలకు పైగా తప్పుడు అంకెలున్నవని లేఖ వ్రాసి ఒప్పుకొనెను. ఆనాడే షేరు ధర నాలుగింట మూడు వంతులకు మించి పడిపోయెను. అదే సంవత్సరమున సెన్సెక్సు మొత్తముమీద సుమారు 80 శాతము పెరిగెను. దేశమంతయు తేరుకొనుచుండగా ఒక్క కంపెనీనే నమ్ముకొన్నవాడు తేరుకొనలేదు. ధర పడుట వేఱు, విలువ పోవుట వేఱు. విలువయే పోయిన చోట కొన్న ధర వచ్చు వఱకు కనిపెట్టుకొని కూర్చుండుట ఓర్పు అనిపించుకొనదు.

సెన్సెక్సు జాబితాయు ఈ సంగతినే తెలుపును. మొదటి ముప్పది కంపెనీలలో అంబాసిడర్ కార్లు చేసిన హిందుస్థాన్ మోటార్స్ ఉండెను. పద్మిని కార్లు చేసిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఉండెను. ఆ కార్లు నేడు తయారగుట లేదు. ఆ కంపెనీలు జాబితాలో లేవు. వాడిన కొమ్మ రాలి క్రొత్త కొమ్మ వచ్చుటచేతనే చెట్టు పెరిగినది. అందుచే దీర్ఘకాలము నిలువదలచిన సామాన్య గృహస్థునకు ఏదో ఒక కొమ్మను పట్టుకొనుటకంటె, సూచిలోని కంపెనీలన్నిటిని కొను ఫండు వంటి సాధనముతో చెట్టునంతటిని పట్టుకొనుట క్షేమము.

ఇక అప్పు. ఒకడు తన పదివేలకు అప్పు తెచ్చిన పదివేలు కలిపి ఇరువదివేల షేర్లు కొనెననుకొనుడు. ధర సగమునకు పడినచో మిగిలినది పదివేలు. ఆ పదివేలును అప్పులవానివే. వడ్డీ వేఱు. సొంత సొమ్ముతో కొన్న పొరుగువాడు అదే షేరును పట్టుకొని మంచి దినము కొఱకు వేచియుండగలడు. వీనికి ఆ వీలు లేదు. షేర్లను తాకట్టు పెట్టుకొన్నవారు ధర పడగానే వీనిని అడుగకయే అమ్మివేయుదురు. మార్కెట్టు తేరుకొనునపుడు వీని చేతిలో షేరు ఉండదు, అప్పు మాత్ర ముండును.

మితముగా, క్రమముగా కొనువానికి మాత్రము పతనమే ఒక్కొక్కపుడు మేలు చేయును. మొదటి నెల ఫండు యూనిట్టు ధర 100 రూపాయలు, రెండవ నెల 50, మూడవ నెల మరల 100 అనుకొనుడు. నెలకు వేయి రూపాయల వంతున వేసినవానికి మొదటి నెల 10, రెండవ నెల 20, మూడవ నెల 10, మొత్తము 40 యూనిట్లు లభించును. పెట్టినది మూడు వేలు. మూడవ నెల వాని విలువ నాలుగు వేలు. భయపడి రెండవ నెల మానుకొన్నవానికి పెట్టినది రెండు వేలు. ఉన్నది రెండు వేలు. ధర తిరిగి పెరుగనిచో ఈ లెక్క ఫలింపదు. కావుననే ఒక్క కంపెనీ మీద గాక పెక్కింటి మీద వేయవలెననుట.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. సంక్షోభ దినమున అమ్మవలెనా, నిలువవలెనా యనునది ఆ దినమున తేల్చుకొనదగినది కాదు. అది కొనునాడే తేలియుండవలెను. వచ్చు మాఘమున కుమార్తె పెండ్లి చేయవలసినవాడు ఆ సొమ్మును షేర్లలో ఉంచినచో, ధర ఎంత పడినను అమ్మక తప్పదు. వానికి ధైర్యము బోధించుట వ్యర్థము. పంట పెట్టుబడి, పిల్లల వచ్చు యేటి చదువు, పెద్దల వైద్యము, వీనికి వలసిన ధనము బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో ఉండదగినది. ఇంటి ఖర్చు కొన్ని మాసములు జరుగుటకు రొక్కము వేఱుగా ఉండవలెను. పది పదునైదు సంవత్సరములు తాకనక్కఱలేని ధనము, అప్పు కాని ధనము మాత్రమే షేర్ల దారి పట్టవలెను. ఆ గడువు దగ్గఱపడిన కొలది, అక్కఱకు కొన్ని యేండ్ల ముందు నుండియే, దానిని కొంచెము కొంచెముగా సురక్షిత స్థానమునకు మార్చుకొనవలెను.

ఇట్లు ఏర్పఱచుకొన్నవానికి సంక్షోభము వచ్చినపుడు గొప్ప గుండెనిబ్బరము అక్కఱలేదు. వాని పొయ్యి వెలుగుచుండును, వాని పిల్లలు బడికి పోవుచుందురు, వాకిట అప్పులవాడు నిలువడు. ధర పడిన నాడు అమ్మవలసి వచ్చినవాడే నష్టమును మూటగట్టుకొనును. అమ్మనక్కఱలేనివాడు కాలమునకు తన పని తాను చేయుటకు వ్యవధి యిచ్చును. చెఱువు గట్టును వరద నాడు కట్టుట సాధ్యము కాదు. వేసవిలో మట్టి వేసి పటిష్ఠము చేసినవారి ఊరికే ఆ రాత్రి నిద్ర పట్టును.