పొలము తనఖా పెట్టక ఇల్లు కట్టుకొనుట

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిన మాట మీకందరకు తెలిసినదే. పెండ్లి ఖర్చు ఐదు దినములలో తేలిపోవును. ఇంటి ఖర్చు ఎన్నడు తేలునో కట్టువానికే తెలియదు. గ్రామములలో భూమి చేతులు మారుటకు గల కారణములను విచారించినచో, వైద్యము, వివాహము, వ్యవసాయపు నష్టములతో పాటు ఇంటి నిర్మాణము కూడ వాటిలో నొకటిగా కనబడును. అన్నము పెట్టు పొలమును కుదువబెట్టి, నీడ నిచ్చు ఇంటిని కట్టుకొనుట ఎంత ప్రమాదకరమో మేము పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు. మా యింటనే నేర్చుకొంటిమి. కావున ముందుగా ఆ సంగతియే మనవి చేసెదము.

1986లో మా తండ్రిగారు మా పూరింటిని తీసివేసి స్లాబు డాబా ప్రారంభించిరి. చేతనున్న సొమ్ము పునాదికిని గోడలకును చాలినది. కప్పు వేయుటకు ఇరువది వేల రూపాయలు తక్కువైనవి. దగ్గరి పట్టణమునందలి యొక వర్తకుడు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై ఆ సొమ్ము నిచ్చుటకు అంగీకరించి, పూచీగా మా రెండెకరముల మెట్టను వ్రాయుమనెను. తీరా వ్రాయించుకొన్నది తనఖా దస్తావేజు కాదు, విక్రయ దస్తావేజు. బాకీ తీర్చిన నాడు తిరిగి వ్రాసి యిచ్చెదనన్నది కేవలము నోటిమాట. నెలకు నాలుగు వందలు వడ్డీ. వరుసగా రెండు పంటలు పోయినవి. ఏబది నెలలు గడచునప్పటికి వడ్డీయే అసలంత అయినది. ఆరవ యేట మా పొలము దున్నుటకు వేరొకరి నాగళ్లు వచ్చినవి. మా యింటి పడమటి కిటికీ తెరచినచో ఆ పొలము కనబడును. మా తండ్రిగారు జీవించియున్నంత కాలము ఆ కిటికీని తెరువనిచ్చెడివారు కారు.

ఈ విషయములో చట్టమేమి చెప్పుచున్నదో పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట మంచిది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములోని 58వ సెక్షను తనఖాలలోని రకములను వివరించుచున్నది. షరతు విక్రయము ద్వారా చేయు తనఖా వాటిలో నొకటి. అయితే 1929లో జరిగిన సవరణ ననుసరించి, ఆస్తిని తిరిగి యిచ్చెడి షరతు ఆ విక్రయ దస్తావేజులోనే వ్రాయబడి యుండవలెను. వేరు కాగితముపై వ్రాసికొన్నను, నలుగురిలో నోటిమాటగా చెప్పుకొన్నను, దానిని అట్టి తనఖాగా నెంచుటకు వీలులేదు. తనఖా యైనచో బాకీ చెల్లించి ఆస్తిని విడిపించుకొను హక్కును 60వ సెక్షను ప్రసాదించుచున్నది. విక్రయమైనచో ఆ హక్కు లేదు. మా తండ్రిగారు వ్రాలు చేయుటకు ముందు ఆ కాగితమును చదివి చెప్పువారు గ్రామమున ఒక్కరున్నను మా రెండెకరములు నిలిచియుండెడివి. మీ గ్రామమున ఆ చదివి చెప్పువారు మీరు కావలెనని మా మొదటి మనవి.

ఇక రెండవ సంగతి. అప్పు చేయక ఇల్లు కట్టుట సాధ్యమా? సాధ్యమే. మేము 2011లో ఆ పని చేసితిమి. అందులో మా గొప్పతన మేమియు లేదు. మన తాతలు చేసిన విధముననే చేసితిమి.

ఏ దేశమున ఏ వస్తువు విస్తారముగా దొరకునో ఆ వస్తువుతో ఇల్లు కట్టుకొనుట మానవ స్వభావము. ఉత్తర ఐరోపాలోని స్వీడను, ఫిన్లండు మున్నగు శీతల దేశములలో తిన్నగా పెరిగిన దేవదారు జాతి వృక్షములు విస్తారము. అచటి రైతులు ఆ దుంగలను ఒకదానిపై నొకటి పేర్చి, మూలలయందు గాట్లు పెట్టి ఒకదానిలో నొకటి బిగించి ఇండ్లు కట్టుకొనిరి. పదునేడవ శతాబ్దమున వారు అమెరికాకు వలసపోయినపుడు ఈ విద్యయు వారి వెంట పోయినది. గొడ్డలి, ఇరుగుపొరుగుల సాయము, ఇవియే అచటి బీద రైతునకు మూలధనము. నేటికిని కొందరు అచట అప్పు లేకుండ తమ దుంగల యిల్లు తామే కట్టుకొనుచున్నారు.

మన ప్రాంతమున అట్టి వృక్షములు లేవు. దుంగలతో గోడలు పెట్టుట మన ఎండకును చెదలకును తగదు. మనకు కలవి మట్టి, రాయి, వెదురు, తాడి. కోస్తా గ్రామములలో తాటి దూలములు, తాటి వాసములు, తాటాకు కప్పు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో గాలికి ఎదురు నిలువని గుండ్రని చుట్టిండ్లు. తెలంగాణమున మొగరములపై దూలములు, దంతెలు, గూనపెంకులు. రాయలసీమలో దూలములు, దంతెలు పరచి, పైన మట్టి వేసి, దానిపై చౌడు కప్పిన మిద్దెలు. పంటకు పనికిరాని ఆ చౌడు వాన తగులగానే మెదిగి, సందులను మూసి, నీటిని క్రిందికి దిగనీయదు. దీనిని కనిపెట్టినవారు ఏ కళాశాలలోను చదువలేదు. ఈ ఇండ్లలో వేటికిని ఎవరును పొలము తాకట్టు పెట్టవలసిన అవసరము ఉండెడిది కాదు.

మేము కట్టిన విధమును క్లుప్తముగా చెప్పెదము. మొదటి యేడు ఒక్క గది, దాని ముందు ఒక వసారా. అంతియే. రెండవ గదికి పునాది మాత్రము వేసి ఉంచితిమి. సంక్రాంతి వెళ్లిన పిదప పని మొదలిడి, మృగశిర కార్తె ప్రవేశించులోగా కప్పు వేసితిమి. పునాదికి ఊరి బండరాయి. నేల మట్టమునకు రెండడుగుల ఎత్తు వరకు రాతి కట్టు. దానిపై మూరెడు మందమున మట్టి గోడ. మట్టిని మా దొడ్డిలోనే త్రవ్వి, ఇసుక, తరిగిన వరిగడ్డి కలిపి, నీరు పోసి, వారము దినములు నానవైచి, త్రొక్కి, మూరెడు ఎత్తు వంతున వరుసలు పెట్టితిమి. ఒక వరుస ఆరిన తరువాతనే రెండవ వరుస. తొందరపడినచో గోడ కుంగును.

దూలములకు మా గట్టు మీది ముదురు తాళ్లు రెండు ఉపయోగపడినవి. తాడి చేవదేరుటకు ఒక తరమునకు మించిన కాలము పట్టును. వాటిని నాటినవారు మా తాతగారు. తాటి మ్రానునకు వెలుపలి భాగము గట్టి, లోపలి భాగము మెత్తన. కావున నిలువుగా చీల్చి, లోని బెండు తీసివేసి వాడవలెను. బెండు మిగిలినచో చెమ్మ పట్టి పురుగు చేరును. చెట్లను కొట్టుటకు ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి పొందవలసియుండును. వాల్టా చట్టమని మీరెరిగినది అదియే. కప్పు మొదట తాటాకు. మూడవ యేట చేతికి సొమ్ము వచ్చినపుడు పెంకు వేసితిమి. ఐదవ యేట రెండవ గది లేచినది. మొక్క పెరిగినట్లు ఇల్లు పెరిగినది. ఏ యేటి ఖర్చు ఆ యేటి పంటతో తీరినది.

కూలి సంగతి యేమందురా? తాపీపనికిని వడ్రపుపనికిని మాత్రమే కూలి యిచ్చితిమి. తక్కిన పని బదులు పని. నాట్లకు బదులు పోవుట మన స్త్రీలకు అలవాటే గదా! మట్టి త్రొక్కుటకు మా యింటికి వచ్చిన ఐదు కుటుంబముల వారికి, వారి పనులకు మేము పోయితిమి. ఎవరి దినములు ఎన్నియో మా యింటి ఇల్లాలు గోడపై గీతలు గీచి లెక్క ఉంచినది. ఆ లెక్కలో వడ్డీ లేదు.

మట్టి యింటికి దోషములు లేవని మేము చెప్పము. దానికి శత్రువు నీరు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా బలిగొన్నది. అట్టి పల్లపు తీరమున కేవలము మట్టి గోడను నమ్ముట తగదు. ఇతర ప్రాంతములలో మాత్రము రెండు జాగ్రత్తలు చాలును. క్రింద ఎత్తైన రాతి అరుగు, పైన గోడకు రెండు మూడడుగులు ముందుకు వచ్చిన చూరు. గాలి ఎక్కువగా వీచు చోట్ల కప్పును నాలుగు వైపులకు వాలుగా కట్టి, వాసములను గోడకు గట్టిగా బంధింపవలెను. నల్లరేగడి మన్ను గోడకు పనికిరాదు. తడిసిన ఉబ్బును, ఆరిన చిట్లును. రేగడి నేలలో పునాదియు లోతుగా పోవలెను. ఇట్టి చోట్ల ఇంజనీరు సలహా లేకుండ పలుగు వేయరాదు.

పాత మట్టి గోడపై నమ్మకము లేనివారికి నడిమి మార్గము కలదు. మట్టిలో నూటికి ఐదు మొదలు పది పాళ్ల సిమెంటు కలిపి, చేతి యంత్రమున అదిమి చేయు ఇటుకలను కాల్చనక్కరలేదు. ఇట్టి యంత్రము నొకదానిని 1956లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున రూపొందించిరి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారు మన నేలలకు తగినట్లు అట్టి యంత్రములను తయారు చేసిరి. యంత్రము ఇంటి కొకటి అక్కరలేదు, ఊరి కొకటి చాలును.

కాల్చిన ఇటుకలే కావలయునన్న వారికి లారీ బేకరు చూపిన దారి కలదు. 1917లో ఇంగ్లండున జన్మించి, మన దేశ పౌరుడై, కేరళమున 2007లో కన్నుమూసిన ఆ శిల్పి, బీదలకు చౌకయైన ఇండ్లు కట్టుటలో జీవితమును గడపెను. ఇటుకలను పడక వేయక అంచు మీద నిలిపి, గోడ మధ్య ఖాళీ విడుచు ఎలుకబోను కట్టు నాయన ప్రచారము చేసెను. దీనివలన ఇటుకలలో సుమారు నాలుగవ వంతు మిగులును. గోడ చల్లగా కూడ నుండును. స్లాబులో క్రింది భాగపు కాంక్రీటు పెద్దగా పని చేయదు గనుక, ఇనుప చువ్వల నడుమ అచట పాత పెంకులు ఉంచి సిమెంటును ఆదా చేయుటయు ఆయన వాడిన పద్ధతియే.

ప్రభుత్వ సహాయముండగా ఈ ప్రయాస యేల యని కొందరడుగవచ్చును. సహాయము గొప్పది, విడువదగినది కాదు. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజనలో మైదాన ప్రాంతపు ఇంటికి 1,20,000 రూపాయలు నిర్ణయించిరి. కనీస వైశాల్యము 25 చదరపు మీటర్లు. తెలంగాణమున 2024లో ఆరంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకములో 5 లక్షల రూపాయలు. కనీస వైశాల్యము 400 చదరపు అడుగులు. ఈ సొమ్ము పని ఎంతవరకు లేచినదో చూచి విడతలుగా వచ్చును. కష్టము రెండు చోట్ల పుట్టుచున్నది. మొదటి విడత అందులోగా పునాదికి చేతిసొమ్ము కావలయును. రెండవది ఇంతకంటె పెద్దది. నాలుగు వందల అడుగుల ఇంటికి వచ్చిన సహాయముతో తొమ్మిది వందల అడుగుల ఇంటికి ముగ్గు పోయుట. పొరుగువానికి హాలున్నది, మనకును హాలు కావలెను. తక్కువ పడిన మూడు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు ఆరు వేలు, ఏటికి డెబ్బది రెండు వేలు. మూడెకరముల మెట్ట రైతునకు ఏటికి ఆ సొమ్ము మిగులునా? ఆలోచింపుడు. అప్పు పుట్టుచున్నది ముగ్గు పోయు నాడే.

కనుక పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు. ఇల్లు మంజూరైన ప్రతి కుటుంబముతోను ముగ్గు పోయుటకు ముందు ఒక పూట కూర్చుండి, చేతనున్నదెంత, వచ్చునదెంత, ఇల్లెంత అని కాగితముపై వ్రాయుడు. ఒకే వీధిలో పదిమంది కట్టుచున్నచో రాయి, ఇసుక, సిమెంటు కలిసి తెప్పించుకొనునట్లు చేయుడు. మట్టి ఇటుకల యంత్రమును ఊరుమ్మడిగా సంపాదింపుడు; అయితే పథకపు ఇంటికి వాడదలచినపుడు గృహనిర్మాణ ఇంజనీరుచే ముందుగా అంగీకారము పొందుడు. ఎవరైన భూమిపై వ్రాలు చేయబోవుచున్నట్లు విన్నచో, అది తనఖాయో విక్రయమో చదివి చెప్పుడు. చెరువు గట్లపై తాళ్లను, బంజరులలో వెదురును నాటింపుడు. 2017లో చట్టమును సవరించి, అడవుల వెలుపల పెరిగిన వెదురును చెట్ల జాబితానుండి తొలగించిరి గనుక దానిని కొట్టుట ఇప్పుడు సులభమైనది. వెదురు కొన్ని యేండ్లలోనే చేతికి వచ్చును. తాడి మన మనుమలకు.

మా తాతగారు నాటిన తాళ్లు మా యింటి కప్పును మోయుచున్నవి. 2011లో ఆ ఇంటికి పడమట ఒక కిటికీ పెట్టితిమి. పోయిన పొలము మరల మాది కాలేదు. అయినను మిగిలిన ఎకరమున్నర అచటినుండి కనబడును. ఆ కిటికీ ఎల్లవేళల తెరచియే యుండును. మీ గ్రామములలో ఈ సంవత్సరము ముగ్గు పోయు ప్రతి ఇంటికిని అట్టి కిటికీ ఒకటి ఉండునట్లు చూచుట మీ చేతిలో నున్నది.