రాతిలోని నత్తగుల్ల
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ చరిత్రమును గూర్చి చెప్పవలసిన పెద్దలు నాకు ముందే చెప్పియున్నారు. నేను గ్రామపు పద్దులు వ్రాసి బ్రదుకువాడను. బడిలో చదివినది కొద్ది. ఈ గదిలో కూర్చుండి చదివినది కొంత. ఆ కొంతలో అమరకోశ మొకటి. అందు రాతికి ఏడు పేరులున్నవి: పాషాణము, ప్రస్తరము, గ్రావము, ఉపలము, అశ్మము, శిల, దృషత్తు. వానిని తడువుకొనకుండ అప్పగింపగలనని నాకు గర్వముండెడిది. ఆ గర్వ మెట్లు పోయినదో చెప్పుటకే నిలుచుంటిని.

నాలుగేండ్ల క్రిందట ఒక ఆదివారమునాడు ఎనిమిది తొమ్మిదేండ్ల బాలిక యొకతె పిడికిలి మూసికొని నా బల్లయొద్దకు వచ్చినది. తండ్రి నల్లరాతి క్వారీలో కూలి. పిడికిలి విప్పగా తెల్లని రాతిముక్క. అందు నత్తగుల్ల యొకటి సగము లోపల, సగము వెలుపల అంటుకొని యున్నది. “తాతగారూ, రాతిలోకి నత్త ఎలా దూరిందండీ?” అని యడిగినది. నేను పద్దునుండి తలయెత్తక, “సున్నపు మేస్త్రీలు పారవేసినది కాబోలు. పోయి బొమ్మల పుస్తకము చూచుకొనుము” అంటిని. ఆమె వాదింపలేదు. “నల్లరాతి కిందనుంచి మా నాన్న తీశాడండీ” అని మాత్రమని, ఆ రాతిని బల్లమీద నుంచి వెడలిపోయినది. రెండు నెలలు మరల ఈ గడప త్రొక్కలేదు.

ఏడు పేరులెరిగిన నాకు ఒక్క రాతి పుట్టుక తెలియదని ఆ రాత్రి తెలిసినది. తెలియనందుకు కాదు, తెలిసినట్లు పలికినందుకు సిగ్గుపడితిని.

పుస్తకములు తెప్పించి చదివితిని. మన గోదావరి పడమటి గట్టున పంగిడి, గౌరీపట్నము ప్రాంతములందును, తూర్పుగట్టున కాతేరు వద్దను ఉన్న నల్లరాయి ఒకప్పుడు కరగి పారిన లావా. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందటి మాట. అది పడమటి కనుమల ప్రాంతమున వెలువడి, దాదాపు వేయి కిలోమీటర్లు పారి, ఇచ్చటి సముద్రతీరమునకు వచ్చినదని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. త్ర్యంబకము కడ పుట్టి 1,465 కిలోమీటర్లు నడచి వచ్చు గోదావరికి ముందే, ఆ దిక్కునుండియే, అగ్నిప్రవాహ మొకటి వచ్చినదన్నమాట! ఒక ప్రవాహము చల్లారిన పిమ్మట దానిమీద నీరు నిలిచినది. నత్తలు, ఆల్చిప్పలు బ్రదికి చచ్చి బురదలో కలిసినవి. ఆ బురద సున్నపురాయి యగుచుండగా మరియొక లావా పొర వచ్చి కప్పినది. ఆ బాలిక తెచ్చినది ఆ నడిమి పొరలోని ముక్క.

ఇది పిల్లలకు నోటితో చెప్పిన నిలుచునా? కథవలె విని మరచిపోవుదురు. కావున వంటింటి సామగ్రి తెచ్చితిమి. బెల్లము ముదురుపాకము పట్టి (పాకము పోయుట పెద్దల పనియే, పిల్లలను పొయ్యి దరికి రానీయరాదు) పళ్లెములో పలుచగా పోసి ఆరనిచ్చితిమి. దానిపై గుల్లలు కలిపిన తడిమన్ను పరచి, మరల పాకము పోయవలెను. మొదటిమారు ఆ మన్ను తెచ్చులోపుననే పిల్లలు క్రింది లావాను తినివేసిరి. రెండవమారు ప్రయోగము కుదిరినది. ఆరిన పిదప కత్తితో నిలువున కోసి చూపగా, నల్లని రెండు పొరల నడుమ గుల్లలు కనబడినవి. అప్పుడు వారు వేసిన కేక వీధి చివరకు వినబడినది.

తరువాత పటిక. మరుగునీటిలో పట్టినంత పటిక కరగించి, సగము పళ్లెమున పోసి చన్నీటిలో నుంచితిమి; సగము కుండలో పోసి, గోనె చుట్టి, ఊకలో పాతితిమి. పళ్లెములోనిది త్వరగా చల్లారి సన్నని ఇసుకవలె దిగినది. కుండలో తెల్లవారునప్పటికి శనగగింజలంతేసి పలుకులు. నేలపై త్వరగా చల్లారిన నల్లరాతిలో గింజ కంటికానదు. భూగర్భమున యుగములకొలది మెల్లగా చల్లారిన గ్రానైటులో గింజలు విడివిడిగా కనబడును. పటికనీరు కరగిన రాయి కాదు, ఇది పోలిక మాత్రమే యని పిల్లలకు చెప్పితిని. పోలికను నిజమని నమ్మించుట మరియొక అబద్ధము గదా.

బురదరాతి పాఠము మన ఆడవారికి నేను నేర్పనక్కరలేదు. వరదలనాటి ఎర్రనీటిని కడవలో పోసి ఇండుపగింజ అరగదీసి కలిపిన, మట్టి అడుగున పేరుకొనును. గాజుసీసాలో గులకలు, ఇసుక, రేగడిమన్ను వేసి నీరుపోసి కుదిపి నిలిపితిమి: గులకలు ముందు, ఇసుక పిమ్మట, రేగడి మరునాటికి దిగినవి. ఇసుకలో సున్నము కలిపి కొబ్బరిచిప్పలో ఎండబెట్టిన రాయి మాత్రము చేతిలోనే రాలిపోయినది. సున్నము తక్కువైనదని నేనంటిని. తొందర ఎక్కువైందని ఒక పిల్లవాడనెను. వాని మాటయే నాకు నచ్చినది.

ఇక మారిన రాయి. మట్టిముద్దలో అటుకులు కలిపి రెండు పలకల నడుమ అదుమగా, అడ్డదిడ్డముగా నున్న అటుకులన్నియు ఒకే వరుసను పడుకొన్నవి. బట్టీలో మట్టి కరగకయే ఇటుక యగుచున్నది గదా. పాపికొండలలో ఒకప్పటి బురద అట్లే వేడికిని, ఒత్తిడికిని లోనై, ఎర్రని గింజలు పొదిగిన రాయి యైనది. ఖోండులను గిరిజనుల పేర దానిని ఖోండలైటు అందురు.

ఆ బాలిక యింటికి నేనే పోయితిని. “అమ్మా, నేను చెప్పినది తప్పు” అని ఆమె తండ్రి యెదుటనే చెప్పితిని. ఆయన నవ్వి, “ఇలాంటివి బండ్లకొద్దీ కంకరలో పోతున్నాయండీ” అనినాడు. మరుసటి ఆదివారము ఆమె వచ్చి, తన రాతిని కొంచెము పొడిచేసి నిమ్మరసము పిండినది. అది సన్నగా బుసబుస పొంగినది. నల్లరాతి పొడిపై పిండగా ఏమియు కాలేదు. సున్నపురాతికి ఆనవాలు అదియే.

క్వారీలో పనిచేయు సోదరులకు నాదొక మనవి. రాతిపని మీకు కూడు; ఆపుమనుటకు నేనెవడను? కాని ఆ తెల్లని పొర చాల పలుచనిది. మరయంత్రములో పడినది మరల రాదు. గుల్ల కనబడిన ముక్క నొకదానిని సాయంకాలము ఇచ్చటికి తెచ్చియిండు. ఎచ్చట, ఎంత లోతున దొరికినదో చెప్పిన చాలును, నేను వ్రాసికొందును. మూడవ అలమరలో క్రింది అర ఖాళీ చేయించితిని. దాని తాళపుచెవి ఆ బాలికయొద్ద నున్నది.