తలల లెక్కయు ఓట్ల లెక్కయు: అమెరికాలోని లాటినోలు

(పఠనమందిర సభలో గావించిన ఉపన్యాసము)



అమెరికా సంయుక్త రాష్ట్రములలో లాటినో ప్రజలు నానాటికి పెరుగుచున్నారనియు, ఒక తరము గడచునప్పటికి ఆ దేశపు రాజకీయములు వారి చేతిలోని వగుననియు పత్రికలలో తరచుగా చదువుచున్నాము. కొందరు దీనిని హర్షముతో వ్రాయుచున్నారు, కొందరు భయముతో. తలలు పెరిగినంత మాత్రమున అధికారము చేతికి వచ్చునా యనునదే నేడు నేను విచారింపదలచిన విషయము.

లెక్క మొదట చెప్పెదను. 1970లో వారు ఒక కోటికి లోపు. 2000 నాటికి 3 కోట్ల 53 లక్షలు. 2020 జనాభా లెక్కలలో 6 కోట్ల 21 లక్షలు. అనగా దేశమున నూటికి దాదాపు 19 మంది. మెక్సికో, క్యూబా, పోర్టోరికో, ఎల్ సాల్వడారు మొదలగు సీమలవారి సంతతికెల్ల ఈ యొక్క పేరే పెట్టిరి. వీరిలో తెల్లవారు గలరు, నల్లవారు గలరు, ఆదిమజాతులవారు గలరు. స్పానిషు భాష మాటలాడజాలని వారును గలరు.

వీరందరు నిన్న మొన్న వచ్చినవారని తలంపరాదు. మెక్సికోతో యుద్ధము చేసి, 1848 సంధిచే కాలిఫోర్నియా మొదలుకొని న్యూమెక్సికో వరకు గల విశాలభూమిని అమెరికా తీసికొన్నది. అచ్చటి మెక్సికనులు తమ యిండ్లలోనే యుండిరి; సరిహద్దే కదలినది. పోర్టోరికోను 1898లో స్పెయిను నుండి గైకొని, 1917లో ఆ ద్వీపవాసులకు పౌరసత్వ మిచ్చిరి. ఐనను ద్వీపమున నున్నంతవరకు వారికి దేశాధ్యక్షుని యెన్నికలో నేటికిని ఓటు లేదు. ఆ మనుష్యుడే ఫ్లారిడాకు పోయి కాపురము పెట్టినచో ఓటు వచ్చును! పరపాలనము నెరిగిన మనకు దీని రుచి వేరుగా చెప్పనక్కరలేదు.

న్యాయవాదినగుటచే నేను మరువలేని వ్యాజ్య మొకటి గలదు. టెక్సాసులోని జాక్సను కౌంటీలో పీటు హెర్నాండెజు అను కూలివాడు హత్యానేరమునకు శిక్షింపబడెను. ఆ కౌంటీ జనులలో నూటికి 14 మంది స్పానిషు ఇంటిపేళ్ల వారు. 25 సంవత్సరములుగా అట్టివాడొక్కడును జూరీలో కూర్చుండి యెరుగడు. ప్రభుత్వపక్షపు వాదము వినుడు: రాజ్యాంగపు 14వ సవరణ తెల్లవారు, నల్లవారు అను రెండు వర్గములనే యెరుగును; మెక్సికనులు తెల్లవారే, జూరరులును తెల్లవారే; ఇక నన్యాయ మెక్కడిది? తర్కము నున్నగనే యున్నది. కాని ఆ న్యాయస్థానపు ఆవరణలోనే మరుగుదొడ్లు రెండుండెను. అందొకదానిపై నల్లవారికని ఇంగ్లీషునను, పురుషులకు ఇక్కడ అని స్పానిషునను వ్రాసియుండెను. గస్ గార్సియా, కార్లోస్ కడేనా అను మెక్సికను సంతతి న్యాయవాదులు సర్వోన్నత న్యాయస్థానము నెదుట వాదించి 1954లో గెలిచిరి. తీర్పు ఏకగ్రీవము.

నేటి మాట చూతము. ఆరుకోట్లు దాటిన జనములో 2024 ఎన్నికనాటికి ఓటునకు అర్హులు సుమారు 3 కోట్ల 60 లక్షలు. తక్కినవారు పిల్లలో, పౌరసత్వము లేనివారో. అర్హులైన పౌరులలోనైనను 2020లో ఓటు వేసినవారు నూటికి 54 మంది. తెల్లవారిలో 71 మంది. కాని ప్రతినిధి సభ స్థానములను రాష్ట్రములకు పంచునపుడు ఓటర్లను గాక మనుష్యులనెల్ల లెక్కింతురు; 14వ సవరణ విధించినదే యది. 2010 మొదలు 2020 వరకు టెక్సాసున పెరిగిన 40 లక్షల జనములో దాదాపు సగము లాటినోలు. ఆ పెరుగుదలచే రాష్ట్రమునకు రెండు స్థానములు అదనముగా వచ్చినవి. నియోజకవర్గముల గీతలు గీయుట మాత్రము శాసనసభలో అధికసంఖ్యాకుల వంతు. 2021లో వారు గీసిన పటముపై వ్యాజ్యములు పుట్టినవి.

అనుమతి లేక వచ్చినవారిని ఈ లెక్కనుండి తొలగింపవలెనని 2020 జూలైలో అధ్యక్షుడు ట్రంపు ఉత్తరువు చేసెను. 2021 జనవరిలో బైడెను దానిని రద్దు చేసెను. ఎవరిని రానీయవలెనో నిర్ణయించుకొను హక్కు ప్రతి దేశమునకు గలదు, నేను కాదనను. వచ్చి పొలము దున్ని, చట్టమునకు లోబడి బ్రతుకువానిని లెక్కలో లేనివానిగా జేయుట వేరు సంగతి. అది నాకు సమ్మతము కాదు. స్థానముల పంపకమున జనసంఖ్య యెంత చిక్కు తెచ్చునో మనమును ఎరుగుదుము. 1976లో మన లోకసభ స్థానములను 1971 లెక్కల వద్దనే నిలుపవలసి వచ్చెను గదా.

ఇక పక్షముల సంగతి. 1994లో కాలిఫోర్నియాలో, అనుమతి లేనివారి పిల్లలకు బడిని, రోగులకు వైద్యమును నిరాకరించు ప్రతిపాదన యొకటి ప్రజల ఓటుకు వచ్చి నెగ్గెను. రిపబ్లికను గవర్నరు పీటు విల్సను దానిని బలపరచెను. న్యాయస్థానములు దానిని అడ్డగించినవి. ఆ కోపమున అనేకులు పౌరసత్వము పొంది ఓటర్లయిరి. ఆ రాష్ట్రమున రిపబ్లికనుల బలము క్రమముగా క్షీణించెను. దీనిని జూచి డెమోక్రాటులు, జనము పెరిగినకొలది గెలుపు తమదేయని నమ్మిరి. 2012లో ఒబామాకు లాటినో ఓట్లలో నూటికి 71 వచ్చుటచే ఆ నమ్మకము ముదిరెను.

రియో గ్రాండి నది యొడ్డున స్టార్ కౌంటీ యున్నది. జనులలో నూటికి 97 మంది లాటినోలే. 2016లో హిల్లరీ క్లింటనుకు అచ్చట నూటికి 79 ఓట్లు వచ్చినవి. 2024లో ఆ కౌంటీ ట్రంపును గెలిపించెను. నూరేండ్లకు పైగా రిపబ్లికనునకు దక్కని చోటది. దేశమంతటను లాటినోలలో నూటికి 46 మంది ట్రంపునకు ఓటు వేసిరని ఆనాటి ఓటర్లనడిగి తీసిన లెక్కలు చెప్పినవి. ధరలు, చమురుబావుల కూలి, సరిహద్దు కాపలా కొలువులు, మతవిశ్వాసము ఇవన్నియు వారికిని గలవు. 1959 విప్లవమునకు వెరచి వచ్చిన క్యూబనులు చిరకాలముగా రిపబ్లికనుల వైపే మొగ్గినవారు. ఒక్క పేరు పెట్టినవారు ఒక్క మనస్సు నియ్యజాలిరి కారు.

ఓటుతో పనిలేకయే సాధించిన సందర్భమును గలదు. 1965లో డెలానో ద్రాక్షతోటలలో ఫిలిప్పినో కూలీలు సమ్మె ప్రారంభించిరి, మెక్సికను కూలీలు వారితో గలిసిరి. వారి నాయకులలో నొకడైన సీజరు చావెజు గాంధీమహాత్ముని మార్గము ననుసరించి 1968లో 25 దినములుపవసించెను. దేశమున గృహస్థులు ద్రాక్షపండ్లు కొనుట మానిరి. 1970లో తోటల యజమానులు ఒడంబడికలపై చేవ్రాలు చేసిరి. 1975లో కాలిఫోర్నియా వ్యవసాయ కూలీల సంఘములకు చట్టరక్షణ కలిగించెను. సమ్మె విరుచుటకై యజమానులు అనుమతి లేని కూలీలను సరిహద్దు దాటించి తెచ్చినపుడు వారిని గట్టిగా ప్రతిఘటించినవాడును ఈ చావెజే.

ప్రశ్నలు గలవారు అడుగవచ్చును.