నొప్పి లేదు కదా అని యూరిన్ కల్చర్ వదిలేయకండి

(పోయిన శుక్రవారం మన మీటింగులో మాట్లాడిన మాటలు. డ్యూటీ వల్ల రాలేకపోయిన వాళ్ళ కోసం రాసి పెడుతున్నాను.)



నేను డాక్టరును కాను. పదో తరగతి చదివి సైటులో సూపర్‌వైజర్ పని చేసేవాణ్ణి. అయినా ఈ విషయం మాట్లాడటానికి కారణం ఉంది.

మా రెండో కాన్పు టైములో నేను ఇక్కడే ఉన్నా. నాలుగో నెలలో ఊర్లో డాక్టరమ్మ నా భార్యకు యూరిన్ కల్చర్ రాసింది. ఆమె ఫోన్ చేసి అడిగితే నేనేమన్నా? "మంట ఉందా? లేదు. జ్వరం ఉందా? లేదు. మరి టెస్టు దేనికి, డబ్బులు దండగ" అన్నా. ఆమె చేయించుకోలేదు. ఏడో నెల దాటాక ఒక రాత్రి చలివణుకుతో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు. అప్పుడు కూడా "వేడి చేసుంటుంది, సబ్జా నీళ్ళు తాగు" అన్నా. తెల్లారి ఆస్పత్రికి పోతే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందన్నారు. బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. కొన్నాళ్ళు పెట్టెలో పెట్టినారు. దేవుని దయ, ఇప్పుడు ఇద్దరూ బాగున్నారు. టెస్టు చేయించి ఉంటే ఇదంతా తప్పేదని గట్టిగా చెప్పలేను. కానీ వద్దన్నది నేనే. ఆ మాట ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటానే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మంట లేకుండా, నొప్పి లేకుండా కూడా మూత్రంలో క్రిములు ఉండొచ్చు. గర్భిణుల్లో నూటికి 2 నుంచి 10 మందిలో ఇలా ఉంటుంది. మామూలు మనుషులకు ఇలా ఉన్నా ఎక్కువగా మందు అక్కర్లేదు. గర్భిణికి మాత్రం వదిలేయకూడదు. మందు వాడకపోతే అలాంటి వాళ్ళలో నూటికి 30 మంది దాకా ఇన్ఫెక్షన్ కిడ్నీకి పోవచ్చు. నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు బిడ్డ, ఈ భయాలు కూడా ఉన్నాయి.

ఎందుకు ఇట్లా? మన పనిలోనే చూడండి. స్లోపు సరిగా లేని పైపులో నీళ్ళు నిలబడతాయి, పాచి పడుతుంది. గర్భంలో కిడ్నీ నుంచి వచ్చే నాళాలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది. మూత్రం నిలబడుతుంది, క్రిములు పైకి ఎక్కుతాయి.

ఎండాకాలం సైటులో మూత్రం రంగు చూసుకుని నీళ్ళు తాగమని మనమే చెప్తాం. రంగు చూస్తే ఒంట్లో నీళ్ళు తగ్గింది తెలుస్తుంది, క్రిములున్నది తెలియదు. బాత్రూముకు వాటర్‌ప్రూఫింగ్ చేశాక పైకి బాగుందని టైల్స్ వేసేస్తామా? నీళ్ళు కట్టి ఒకటి రెండు రోజులు చూస్తాం. కల్చర్ కూడా అంతే. ల్యాబులో క్రిమిని పెంచి చూస్తారు, రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. మన దగ్గర ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు, 2016 నుంచి ఉంది. తప్పక పంపండి. కానీ అల్బుమిన్, షుగర్ చూసే యూరిన్ టెస్టు వేరు, కల్చర్ వేరు. "కల్చర్ చేయించాలా మేడం?" అని నోరు తెరిచి అడగమనండి. మొదటి చెకప్‌లోనే, లేదా మూడు నాలుగు నెలల మధ్య చేయిస్తే మంచిది.

శాంపిల్ ఇచ్చేటప్పుడు ముందు నీళ్ళతో శుభ్రం చేసుకోవాలి. మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టాలి. ల్యాబు వాళ్ళిచ్చిన డబ్బాలోనే, లోపల చెయ్యి తగలకుండా పట్టి, వెంటనే ఇచ్చేయాలి.

క్రిములు ఉన్నాయని వస్తే డాక్టరు రాసిన మందు పూర్తిగా వాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 7 రోజుల కోర్సు చెప్తుంది. రెండు రోజులకే ఆపొద్దు. తర్వాత మళ్ళీ టెస్టు ఎప్పుడో అడగాలి. ఇక్కడి నుంచి ఊరికి పోయేవాళ్ళ చేతికి యాంటీబయాటిక్ షీట్లు ఇచ్చి పంపకండి. కొన్ని మందులు గర్భంలో పనికిరావు.

అన్నలారా, ఇంకో మాట. "ఇన్ఫెక్షన్" అనగానే భార్యను అనుమానించకండి. ఇది చెడ్డ తిరుగుళ్ళ వల్ల వచ్చేది కాదు. చాలావరకు మన పేగుల్లో ఉండే క్రిమే. ఇది ఎవరి తప్పూ కాదు.

ఇక్కడ ఫ్యామిలీతో ఉన్నవాళ్ళకు కూడా ఇదే మాట. ఫర్వానియా, అదాన్ ఆస్పత్రుల్లో కాన్పుల విభాగాలున్నాయి, సబా ఏరియాలో మెటర్నిటీ హాస్పిటల్ ఉంది. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, ఆగని వాంతులు, మూత్రంలో రక్తం, నెలలు నిండకుండా నొప్పులు వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఇక్కడైతే 112, ఊర్లో అయితే 108.

ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" అన్నాక ఇంకో మాట అడగండి: "కల్చర్ చేయించినావా?" డబ్బుల మాట వస్తే మాత్రం నాలాగా వద్దనకండి.