బీట్ పొలాల్లో బోధకుడు

అమెరికా పల్లెల్లో జపాన్ వలస కుటుంబాల మధ్య పనిచేసిన ఒక క్రైస్తవ బోధకుడి గురించి ఈ రోజు చెప్పుకుందాం. పేరు హిరమ్ హిసనోరి కానో.

ఆయన టోక్యోలో పుట్టారు. 1916లో అమెరికా వచ్చి, నెబ్రాస్కాలో వ్యవసాయ అర్థశాస్త్రం చదివి, అక్కడే సేద్యం మొదలుపెట్టారు. అవును, ముందు రైతు. తర్వాతే బోధకుడు.

అక్కడి జపనీయుల్లో చాలామంది రైలు మార్గాల్లో, చక్కెర బీట్ పొలాల్లో రెక్కలు ముక్కలు చేసుకునేవారు. 1921లో వాళ్ల భూమి హక్కుకే ఎసరుపెట్టే బిల్లు వచ్చింది. కానో, ఎపిస్కోపల్ చర్చి బిషప్ జార్జ్ బీచర్ కలిసి శాసనసభకు వెళ్లి వాదించారు. చట్టం ఆగలేదు. కానీ దాని తీవ్రత తగ్గింది.

బీచర్ పిలుపుతోనే కానో ఆ చర్చి మిషనరీ అయ్యారు. ఊరూరా తిరిగారు. ఇంగ్లీషు నేర్పారు, సాగులో సలహాలిచ్చారు, ప్రార్థనలు జరిపారు. ఇవన్నీ ఆయనకు ఒకే సేవ. ఆయన గొప్పతనం అక్కడే ఉందని నా నమ్మకం.

1941 డిసెంబరు 7, ఆదివారం. పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి చేసిన రోజు. నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్ చర్చిలో ఆరాధన ముగియగానే ఆయనను నిర్బంధించారు. ఏ నేరమూ లేదు. 1944 దాకా శిబిరాల్లోనే ఉంచారు. అక్కడా ఊరుకోలేదు. తోటి ఖైదీలకు పాఠాలు చెప్పారు. జర్మన్ యుద్ధఖైదీలకు కూడా వాక్యం బోధించారు.

విడుదలయ్యాక కొంతకాలానికి మళ్లీ నెబ్రాస్కాకే, తనవాళ్ల మధ్యకే వెళ్లారు. జపాన్‌లో పుట్టినవారికి పౌరసత్వం ఇచ్చే చట్టం 1952లో వచ్చింది. ఆ మరుసటి ఏడే కానో అమెరికా పౌరుడయ్యారు.