పురుగుల డబ్బా, కోడిపిల్లల గంప
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. దాని గురించే మాట్లాడతాం. కాకపోతే పురుగుల దగ్గర మొదలుపెడతాం. నవ్వకండి, నవ్వడం గురించి కూడా ఒక మాట చెప్పాల్సి ఉంది.

మన ఇళ్లలో నాటుకోడి అంటే సంత రోజు ఉప్పుకీ నూనెకీ డబ్బు. పిల్లను హాస్టల్లో దింపడానికి వచ్చే తల్లి చేతిలోని బస్సు చార్జీ చాలాసార్లు ఒక పెట్టను అమ్మిన డబ్బే. గంప కింద పన్నెండు పిల్లలు లేస్తే, నెల తిరిగేసరికి ఎన్ని మిగులుతున్నాయో మీ అమ్మను అడగండి. కొన్నిటిని గద్ద తన్నుకుపోతుంది. కొన్ని తెగులుకు పోతాయి. కొన్ని ఎదగక ముడుచుకుని పోతాయి. కోడిపిల్లకు మొదటి వారాల్లో మేతలో సుమారు 20 శాతం మాంసకృత్తులు కావాలి. మనం వేసే నూకల్లోనూ చోళ్లలోనూ ఉండేది 7, 8 శాతమే. తల్లికోడి పెంటకుప్ప గీరి, ఆకులు తిరగేసి పురుగులు చూపించేది ఆ లోటు తీర్చడానికే.

మన మామ్మలకు ఇది తెలుసు. పాత కుండలో ఎండుగడ్డి, పేడ కుక్కి, కొంచెం తడిపి, చెదలున్న చోట బోర్లిస్తారు. తెల్లారి ఎత్తితే కుండ నిండా చెదలు. దులిపితే కోడిపిల్లలు ఎగబడి తింటాయి. ఆ కుండ గురించి మాకు పాఠం చెప్పింది ట్రైనింగ్ కాలేజీ కాదు, మా హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివిన ఒక పిల్ల.

ఆ పిల్ల ఒకసారి క్లాసులో, తొలకరికి ఉసిళ్ళు పట్టి వేయించుకుని తింటామని చెప్పింది. క్లాసంతా నవ్వింది. ఏడుస్తూ వస్తే హాస్టల్లో మేం ఏం చేశాం? "ఇలాంటివి ఇక్కడ చెప్పకమ్మా" అన్నాం. మంచి మాటే చెప్పాం అనుకున్నాం. ఆ తర్వాత చాలా రోజులు ఆ పిల్ల క్లాసులో నోరు విప్పలేదు. తప్పు నవ్విన పిల్లలది మాత్రమే కాదు, మాది కూడా.

ఆ ఏడాదే సైన్సు ప్రాజెక్టుకని మీల్‌వార్మ్‌లు పెంచాం. ఇవి ఒక రకం నల్ల పెంకుపురుగు పిల్లలు, పసుపు గోధుమ రంగులో ఉంటాయి. పట్నంలో పెంపుడు పక్షులు, చేపలు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. హాస్టల్ సరుకు ముట్టుకోకుండా తవుడు మా డబ్బుతో కొన్నాం. వంటింట్లో మిగిలిన క్యారెట్ చెక్కు, దుంపల చెక్కు వాడాం.

పద్ధతి ఇది. గోడలు నున్నగా ఉన్న ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి, నున్నటి గోడను ఈ పురుగులు ఎక్కలేవు. రెండు మూడు అంగుళాల మందాన గోధుమ తవుడు పోయండి. బియ్యపు తవుడు తొందరగా ముక్కిపోతుంది. తవుడును ముందు కొంచెం వేయించి చల్లార్చితే అందులోని చిన్న చిన్న పురుగులు చస్తాయి. నీళ్ల గిన్నె పెట్టకండి, తడికి ఒక క్యారెట్ ముక్కో దుంప ముక్కో చాలు. రెండు రోజులకొకసారి తీసి కొత్తది వేయండి. పైన గాలి ఆడేలా దోమతెర గుడ్డ కట్టండి. చీమలు రాకుండా టబ్బును నీళ్ల పళ్లెంలో ఇటుకల మీద పెట్టండి.

గుడ్డు వారం, పది రోజుల్లో పొదుగుతుంది. పురుగు దశ రెండు మూడు నెలలు. ఆ తర్వాత కదలని ప్యూపా దశ ఒకటి రెండు వారాలు. అప్పుడు పెంకుపురుగు వస్తుంది. అది రెండు మూడు నెలలు బతికి వందల గుడ్లు పెడుతుంది. పెంకుపురుగులు తమ గుడ్లనే తింటాయి కాబట్టి రెండు వారాలకొకసారి వాటిని జల్లించి వేరే టబ్బులో వేయాలి. 25 నుంచి 28 డిగ్రీల వేడిలో బాగా ఎదుగుతాయి. మన కొండల మీద డిసెంబరు చలిలో ఎదుగుదల బాగా మందగిస్తుంది, కంగారు పడకండి.

మా మొదటి టబ్బు పాడైంది. వానాకాలం, దోసకాయ ముక్కలు ఎక్కువ వేసి మూత బిగించాం. వారానికి బూజు, కంపు, పురుగులన్నీ చచ్చాయి. అందరం టబ్బు చుట్టూ నిలబడి చూస్తుంటే ఆ పిల్ల వెనక నుంచి అంది, "మా మామ్మ కుండలో గడ్డి మీద నీళ్లు చిలకరిస్తది, పొయ్యదు మేడం." చాలా రోజుల తర్వాత విన్న మొదటి మాట అది. రెండో టబ్బు ఆ పిల్లకే అప్పగించాం. అది నిలబడింది.

మేపడంలో కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. పిల్లకు రోజుకు మూడు నాలుగు చిన్న పురుగులు చాలు. వీటిలో కొవ్వు ఎక్కువ, సున్నం తక్కువ. అందుకని నూకలు, ఆకుకూరతో పాటు పెద్ద కోళ్లకు గుడ్డు పెంకుల పొడి పెట్టాలి. పురుగులు పెట్టామని టీకా మానేయకూడదు. కొక్కెర తెగులుకు మొదటి వారంలో లసోటా చుక్కలు, సుమారు ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా వేయించాలి. ఈ పురుగు నిల్వ ధాన్యానికి శత్రువు, విత్తనాల గాదెకు దూరంగా ఉంచండి. జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము కొందరికి పడదు. పురుగుమందు కలిసిన తవుడు వాడకండి.

ఇంకో మాట. ఫోన్లలో "పురుగులు పెంచితే లక్షలు" అనే వీడియోలు చూసి అప్పు చేయకండి. కిలో పురుగులకు సుమారు రెండు కిలోల మేత పడుతుంది, నెలలు పడుతుంది. రెండు మూడు గంపల పిల్లలను నిలబెట్టుకోవడానికి ఇది మంచి సాయం. చెదలు దొరికే రోజుల్లో మామ్మ కుండ చాలు, దానికి పైసా ఖర్చు లేదు.

ఇక నవ్వు సంగతి. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పురుగుల ఆహారం మీద పెద్ద నివేదిక వేసింది. ప్రపంచంలో సుమారు 200 కోట్ల మంది భోజనంలో పురుగులు ఉన్నాయని అందులో రాసింది. 2021లో యూరోపియన్ యూనియన్ ఈ మీల్‌వార్మ్‌నే ఎండబెట్టి మనుషుల ఆహారంగా అమ్ముకోవచ్చని అనుమతి ఇచ్చింది. ఈ రెండు సంగతులూ క్లాసులో మేమే చదివి వినిపించాం. ఆ పిల్లకు "చెప్పకమ్మా" అనడం మా తప్పని కూడా అందరి ముందూ చెప్పాం. అయినా ఒకటి గుర్తుంచుకోండి. యూరప్ ఒప్పుకోకపోయినా మన మామ్మ చెప్పింది నిజమే.

ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. సెలవుల్లో ఒక టబ్బు ఇంటికి పట్టుకెళ్లింది. మొన్న పొదిగిన పదకొండు పిల్లల్లో ఎనిమిది నిలిచాయని వాళ్లమ్మ చెప్పింది. పురుగుల వల్లే అని మేం అనం, టీకా వేయించారు, గంప కింద జాగ్రత్తగా మూశారు.

మీకు ఒక పని. ఇంటికి వెళ్లాక మీ మామ్మ దగ్గర కూర్చుని, ఏ కాలంలో ఏ పురుగు దొరుకుతుంది, కోళ్లకు ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అని అడగండి. మన భాషలో వాటి పేర్లు రాసుకోండి. ఆ నోటుపుస్తకం మా హాస్టల్‌కు పట్టుకురండి, క్లాసులో చదివిస్తాం. ఈసారి ఎవరు నవ్వినా ఊరుకోం.